మన బిడ్డలకు ఎవరు చెప్పవలెను?

ఎదుగుచున్న బాలబాలికలకు తమ దేహములనుగూర్చియు, స్త్రీపురుషుల కలయికనుగూర్చియు బడిలో బోధింపవచ్చునా? అంతటితో ఆగక, గర్భము రాకుండ చేయు సాధనములను కూడ బడియే వారి చేతికి ఇయ్యవచ్చునా? ఇది పట్టణములలో పెద్ద చదువులు చదివినవారి తగవు, మన పల్లె సంఘములకు దీనితో పని యేమి అని కొందరు అనుకొందురు. కాని ఎనిమిదవ తరగతి బిడ్డ చేతికి సెల్‌ఫోను అందని ఇండ్లు నేడు పల్లెలలో కూడ తగ్గిపోయినవి. మనము తలుపు మూసినంత మాత్రమున ప్రశ్న వీధిలో నిలిచియుండదు. అది మన ఇంట చేరియే యున్నది. కావున సంఘస్థులమైన మనము సిగ్గుపడక, తొందరపడక, దేవుని భయముతో దీనిని ఆలోచించుట మంచిది.

ముందుగా ఒక మాట. ఇవి రెండు ప్రశ్నలు, ఒకటి కాదు. మందునుగూర్చి చెప్పుట వేరు, మందు చేతికిచ్చుట వేరు. ఈ రెంటిని కలిపి మాటలాడుటవలననే చాల తగవులు పుట్టుచున్నవి. బోధ కావలెనన్నవానిని చూచి, వీడు బిడ్డలను చెడగొట్టువాడని ఒకరు అందురు. సాధనములు వద్దన్నవానిని చూచి, వీడు అజ్ఞానమును కోరువాడని మరియొకరు అందురు. మనము ఒకదాని తరువాత ఒకటి చూతము.

మన దేశమే ఈ సంగతిలో ఇంకను ఒక మాటమీద నిలువలేదు. 2005లో కేంద్ర ప్రభుత్వము హెచ్‌.ఐ.వి. వ్యాధి భయమునుబట్టి, యౌవనదశలో ప్రవేశించు బిడ్డలకు బడులలో బోధించుటకు ఒక కార్యక్రమము ఏర్పరచెను. 2007లో మహారాష్ట్ర, కర్ణాటక, మధ్యప్రదేశ్ మొదలైన రాష్ట్రములు ఆ పుస్తకములు మన మర్యాదకు తగవని నిలిపివేసెను. 2009లో రాజ్యసభ విన్నపముల సంఘము, మన నెల్లూరు జిల్లావారైన వెంకయ్యనాయుడుగారి అధ్యక్షతన విచారించి, బడులలో అట్టి బోధ ఉండకూడదనియు, వివాహమునకు ముందు సంగమము తగదని బిడ్డలకు చెప్పవలెననియు సిఫారసు చేసెను. ఆ తరువాత 2020లో ప్రతి బడిలో ఇద్దరు ఉపాధ్యాయులను ఆరోగ్యబోధకు తర్ఫీదు చేయు కార్యక్రమము మొదలైనది. 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు, బిడ్డలపై జరుగు దుర్మార్గములనుగూర్చిన ఒక తీర్పులో, ఇట్టి విద్య అవసరమని చెప్పెను. ఇరుపక్షములలోను బిడ్డల మేలు కోరువారే యున్నారు. కావున ఎవరిని తూలనాడక వారి మాటలను తూచి చూడవలెను.

వద్దనువారి భయము ఏమి? తెలియనిదానియందు ఆశ పుట్టదు, తెలిసినచో ఆశ పుట్టును, గనుక తెలియజేయక యుండుటయే క్షేమము అని. ఈ మాటలో కొంత సత్యము కలదు. పసివాని ఎదుట అన్ని మాటలు ఆడకూడదు. కాలము రాకముందే మొగ్గను విప్పినచో పువ్వు కాదు, వాడిపోవును. ఈ భయముగల తల్లిదండ్రులను మూఢులనుట అన్యాయము.

కాని మన నడత చూడుడి. ఆడబిడ్డ పెద్దమనిషి అయినప్పుడు మనము ఏమి చేయుచున్నాము? పందిరి వేయుదుము. బంధువులను పిలుతుము. మైకు పెట్టి పాటలు వేయుదుము. బిడ్డ బొమ్మతో ఊరి మొదట ఫ్లెక్సీ కట్టుదుము. మా బిడ్డకు యుక్తవయస్సు వచ్చినదని ఊరంతటికి చాటుదుము. ఇంత చాటింపు చేసినవారము, ఆ బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, అమ్మా, నీ దేహములో జరిగినది ఇది, దీని భావము ఇది, నీవు భయపడవలదు, ఇట్లు శుభ్రముగా నుండవలెను అని చెప్పిన ఇండ్లు ఎన్ని? ఊరంతటికి చెప్పి బిడ్డకు మాత్రము చెప్పకపోవుట మర్యాద యెట్లగును? బయట కూర్చుండుము, అది ముట్టకుము, ఇది తాకకుము అను ఆంక్షలు మాత్రమే ఆమెకు దొరకును. తన దేహము అపవిత్రమని ఆమె నేర్చుకొనును గాని, దేవుడు దానిని ఆశ్చర్యముగా కలుగజేసెనని నేర్చుకొనదు. ఇక మగబిడ్డల సంగతి ఎవరును తలంచనే తలంచరు. వానికి గొంతు మారును, మీసము వచ్చును, కలలు వచ్చును. వానితో మాటలాడు తండ్రి లేడు.

మనము చెప్పనిచోట ఖాళీ మిగులునని తలంచవద్దు. విడిచిన పొలము ఖాళీగా నుండదు, తుంగ మొలచును. వీధిలోని పెద్ద పిల్లలు చెప్పుదురు. ఫోనులోని సిగ్గుమాలిన బొమ్మలు చెప్పును. అన్నిటికంటె భయంకరమైనది, బిడ్డను పాడుచేయ నుద్దేశించినవాడు తానే గురువై చెప్పును. 2007లో కేంద్ర స్త్రీ శిశు సంక్షేమ శాఖవారు 13 రాష్ట్రములలో 12,447 మంది బిడ్డలను విచారించిరి. వారిలో సగమునకు మించినవారు ఏదో యొక విధమైన లైంగిక బాధకు గురియైనట్లు చెప్పిరి. ఆ బాధ ఎక్కువగా కనబడిన రాష్ట్రములలో ఆనాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. బాధించినవారిలో దాదాపు సగముమంది బిడ్డ ఎరిగినవారే, బిడ్డ నమ్మినవారే. మరియు ఎక్కువమంది బిడ్డలు ఆ సంగతి ఎవరికిని చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? చెప్పుటకు వారికి మాటలు లేవు. ఆ భాగముల పేరు నోట రానీయకూడదని మనమే నేర్పితిమి గదా! పేరు లేని గాయమును బిడ్డ ఎట్లు చూపించును?

దావీదు ఇంటిలో జరిగినదానిని జ్ఞాపకము చేసికొనుడి. తామారు తన అన్నయైన అమ్నోనుచేత చెరుపబడెను. ఆమె మౌనముగా నుండలేదు. బూడిద తలమీద పోసికొని, అంగీ చింపుకొని, కేకలు వేయుచు వీధిని పోయెను. ఆమె సహోదరుడైన అబ్షాలోము ఊరకుండుమని చెప్పెను. తండ్రియైన దావీదు కోపపడెను గాని, చేసినది ఏమియు లేదు. ఆ ఊరకుండుటవలన ఆ ఇల్లు బాగుపడెనా? రెండేండ్లకు హత్య వచ్చెను, తరువాత తిరుగుబాటు వచ్చెను, రాజ్యమే చీలెను. బిడ్డ నోరు మూయించిన ఇంట సమాధానముండదని పరిశుద్ధ గ్రంథము దాచక చూపుచున్నది.

బైబిలు ఈ విషయములలో మనకంటె ధైర్యముగలది. సామెతల గ్రంథములో ఒక తండ్రి తన కుమారుని ఎదుట కూర్చుండి, చీకటి పడు వేళ వీధి మలుపున నిలిచిన పరస్త్రీ ఎట్టి మాటలతో పిలుచునో, ఆ పిలుపు వెంబడి పోయినవాని గతి యేమో, కన్నులకు కట్టినట్లు చెప్పుచున్నాడు. కుమారునికి తెలియుననియో, తెలియకూడదనియో ఆయన విడిచిపెట్టలేదు. ఏడేండ్లకొకసారి ధర్మశాస్త్రమంతయు పురుషుల ఎదుట, స్త్రీల ఎదుట, పిల్లల ఎదుట, పరదేశుల ఎదుట చదువవలెనని మోషే ఆజ్ఞాపించెను. వివాహమునుగూర్చియు, వ్యభిచారమునుగూర్చియు, బలాత్కారమునుగూర్చియు ఉన్న విధులు ఆ ధర్మశాస్త్రములోనివే. పిల్లలు విందురని ఆ భాగములను దాటిపోవుమని చెప్పలేదు. పాపము జ్ఞానమువలన పుట్టినదైతే దేవుడు అట్లు చదివించునా? యోసేపు పోతీఫరు ఇంటినుండి పారిపోయినది ఎరుగనివాడై కాదు, బాగుగ ఎరిగినవాడగుటచేతనే.

కావున మొదటి ప్రశ్నకు నా సమాధానము ఇది. బోధింపవలెను. ఇంటిలో మొదలుపెట్టవలెను, బడిలో కూడ చెప్పవలెను. ఎందుకనగా తల్లిదండ్రులు చదువు లేనివారైన ఇండ్లున్నవి, తండ్రి త్రాగుబోతైన ఇండ్లున్నవి, అపాయము ఇంటిలోనే యున్న ఇండ్లును ఉన్నవి. ఆ ఇండ్లలోని బిడ్డలకు బడి తప్ప వేరు దిక్కు లేదు. అయితే వయస్సునకు తగినట్లు చెప్పవలెను. చిన్నబిడ్డకు మంచి స్పర్శ, చెడ్డ స్పర్శ చాలును. పన్నెండేండ్ల బిడ్డకు తన దేహములో రానున్న మార్పు చెప్పవలెను. పెద్దబిడ్డకు గర్భము ఎట్లు కలుగును, వ్యాధులు ఎట్లు అంటుకొనును, చట్టము ఏమి చెప్పుచున్నది, ఒకరు వద్దన్నప్పుడు వద్దనియే అర్థము అను సంగతులు చెప్పవలెను. ఆడబిడ్డలకు ఉపాధ్యాయినియు, మగబిడ్డలకు ఉపాధ్యాయుడును చెప్పిన బాగుండును. ఏమి చెప్పనున్నారో తల్లిదండ్రులను ముందుగా పిలిచి తెలుపవలెను. తల్లిదండ్రుల వెనుక జరిగిన బోధ నమ్మకమును పోగొట్టును.

బోధ అనగా, చేయకుము అను ఆజ్ఞ యొక్కటి చాలదా అని అడుగవచ్చును. అమెరికా దేశములో దీనిని పరీక్షించి చూచిరి. 1996లో అక్కడి ప్రభుత్వము, వివాహము వరకు ఆగుమని మాత్రమే బోధించు కార్యక్రమములకు ఏటికి 5 కోట్ల డాలర్లు కేటాయించెను. ఆ కార్యక్రమములలో నాలుగింటిని ఎంచి, బోధ పొందినవారిని, పొందనివారిని, రెండు వేలకు మించిన బిడ్డలను కొన్నేండ్లు విచారించి 2007లో ఫలితము ప్రకటించిరి. రెండు గుంపులలోను ఆగినవారు నూటికి 49 మందే. ఆ బోధ కీడు చేయలేదు, మేలును చేయలేదు. దీనివలన ఆజ్ఞ తప్పని తేలలేదు. ఆజ్ఞను పలకమీది అక్షరమువలె వ్రాసి వెళ్లిపోయినచో అది హృదయములో నిలువదని తేలినది. పవిత్రత అనునది పాఠము వలన మాత్రమే రాదు. ప్రేమగల ఇల్లు, వినయముగల పెద్దలు, అడిగినప్పుడు జవాబు చెప్పు మనుష్యులు దానికి కావలెను.

ఇప్పుడు రెండవ ప్రశ్న. బడి సాధనములను ఇయ్యవలెనా? ఇయ్యవలెననువారి వాదమును బలహీనము చేసి చెప్పుట న్యాయము కాదు. వారు చెప్పునదేమనగా: మీరు ఎంత బోధించినను కొందరు బిడ్డలు జారిపడుదురు. ఆ పాటుకు శిక్షగా ఒక పదునారేండ్ల పిల్ల చదువును, ఆరోగ్యమును, ఒక్కొక్కసారి ప్రాణమును పోగొట్టుకొనవలెనా? క్రొత్త ఇల్లు కట్టువాడు మిద్దెకు పిట్టగోడ కట్టవలెనని ధర్మశాస్త్రమే విధించెను గదా! పిట్టగోడ కట్టినవాడు అంచున గంతులు వేయుమని పిలిచినవాడు కాడు గదా! ఇది దయగల వాదము. దీనిని నవ్వి త్రోసివేయరాదు.

ఈ పనిని చేసి చూచిన పట్టణమున్నది. 1991లో న్యూయార్కు నగర విద్యామండలి ఉన్నత పాఠశాలలలో నిరోధ్ తొడుగులను ఇచ్చుటకు, నలుగురు అనుకూలముగాను ముగ్గురు ప్రతికూలముగాను ఓటు వేసి, తీర్మానించెను. 1993లో అక్కడి న్యాయస్థానము, తల్లిదండ్రులు వద్దను హక్కు లేకుండ ఇట్లు చేయరాదని చెప్పెను. ఆ కాలమున ఇంకను కొన్ని పట్టణములు ఇదే త్రోవ పట్టినవి. వాటి ఫలితమును 2016లో ఇద్దరు ఆర్థికశాస్త్ర పండితులు లెక్కించి చూచిరి. ఆశ్చర్యమేమనగా, సాధనములు ఇచ్చిన చోట్ల చిన్న వయస్సు కాన్పులు తగ్గుటకు మారు నూటికి సుమారు 10 వంతులు పెరిగినవి. అయితే ఆ పెరుగుదల, సలహా చెప్పువారు లేక సాధనము మాత్రమే ఇచ్చిన చోట్లదే. సాధనముతోపాటు ఒక మనిషి కూర్చుండి మాటలాడవలెనని నియమమున్న చోట్ల ఆ కీడు కనబడలేదు.

ప్రియులారా, ఈ సంగతిని నిదానించి చూడుడి. వస్తువును బుట్టలో పెట్టి, మాకు పని తీరినదని పెద్దలు వెళ్లిపోయిన చోట బిడ్డ నష్టపోయెను. పెద్దవారు దగ్గర నిలిచిన చోట ఆ నష్టము లేదు. కావున పిట్టగోడ వస్తువు కాదు. బిడ్డ దగ్గర నిలుచు మనిషియే పిట్టగోడ.

మన దేశములో దీనికి మరియొక కారణము కూడ చేరుచున్నది. 2012లో వచ్చిన పోక్సో చట్టము ప్రకారము 18 ఏండ్లు నిండనివారు బిడ్డలే. వారితో సంగమము, వారు ఒప్పుకొన్నను, నేరమే. ఎరిగినవారు పోలీసులకు తెలుపవలెను. ఇట్టి స్థితిలో పదునాలుగేండ్ల పిల్ల బడిలో సాధనము అడిగినయెడల, ఉపాధ్యాయిని మొదట ఎరుగవలసినది, ఆ బిడ్డ వెనుక ఎవడున్నాడు అని. మామయా? ఇరుగుపొరుగువాడా? పెండ్లి చేసికొందునని మోసపుచ్చినవాడా? ఆ ప్రశ్న అడుగకుండ చేతిలో పొట్లము పెట్టి పంపినచో, తోడేలు అడుగుజాడలను మనమే చెరిపివేసినట్లగును. ఈడు సమానమైన ఇద్దరు పదునేడేండ్లవారిని కూడ ఈ చట్టము విడిచిపెట్టదు గనుక, వారు భయపడి ఎవరి సహాయమును కోరక దాగుదురనుట నిజమే. ఇది సులువుగా విప్పదగిన ముడి కాదు. అయినను దాని విడుపు బడి బీరువాలో లేదు. నమ్మదగిన నర్సమ్మయొద్ద, ఓర్పుగల డాక్టరుయొద్ద ఉన్నది. కావున నా తలంపు ఏమనగా, బడి బోధింపవలెను, సాధనములను పంచరాదు. అయితే ఆపదలో నున్న బిడ్డ ఎచ్చటికి పోవలెనో చెప్పవలెను, అవసరమైనచో వెంటబెట్టుకొని పోవలెను. ఆరోగ్య కేంద్రమునకు వచ్చిన బిడ్డను చీవాట్లు పెట్టి పంపివేయు హక్కు ఎవరికిని లేదు.

ఇంతవరకు చెప్పినది బడిలోని బిడ్డలనుగూర్చి. మన పల్లెలలో దీనికంటె పెద్ద సంగతి మరియొకటి కలదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, ఆంధ్రప్రదేశ్‌లో 20 నుండి 24 ఏండ్ల స్త్రీలలో నూటికి 29 మందికి 18 నిండకమునుపే పెండ్లి అయినది. తెలంగాణలో నూటికి 23 మందికి మించి. 15 నుండి 19 ఏండ్ల బాలికలలో అప్పటికే తల్లులైనవారు, లేక గర్భిణులు, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 12.6, తెలంగాణలో 5.8, దేశమంతట 6.8. వీరిలో అత్యధికులు త్రోవ తప్పిన బిడ్డలు కారు. మనము తలంబ్రాలు పోసి, లేక ప్రార్థన చేసి, అత్తవారింటికి పంపిన బిడ్డలు. ఆ వయస్సు బాలికలలో దేశమందు నూటికి 59 మందికి రక్తము చాలదు. ఎముక ఎదుగని దేహమునకు కాన్పు కష్టము. రక్తపుపోటు పెరిగి మూర్ఛలు వచ్చును, పుట్టిన శిశువు తూకము తగ్గును.

ఇది మన విచిత్రమైన న్యాయము. పదునైదేండ్ల బిడ్డకు బడిలో ఒక పాఠము చెప్పిన శీలము చెడునని భయపడుదుము. పదునారవ ఏట ఆమెను, ఒక్క మాటయైనను నేర్పకుండ, పరాయి ఇంటి గదిలోనికి పంపుదుము. ఏడాది తిరుగక ముందే ఇంకను విశేషము లేదా అని అడుగుదుము. ఆశా కార్యకర్త బిళ్లలు తెచ్చి యిచ్చినను, అత్తగారి ఎదుట చేయి చాపలేదు. ఆ బిడ్డ బడి మానినది గనుక బడి పాఠమును ఆమెకు అందదు. 1872లో క్రైస్తవ వివాహ చట్టము వచ్చినప్పుడు పెండ్లికూతురికి 13 ఏండ్లు దాటిన చాలునని యుండెను. 1978 సవరణతో అది 18 అయినది, పెండ్లికుమారునికి 21. చట్టము నూరేండ్లలో ఇంత దూరము నడచెను. మన సంఘము వయస్సు కాగితము అడుగకుండ పెండ్లి చేసినచో, బోధనుగూర్చి వాదించుటకు మనకు నోరేది?

కావున చేయవలసినవి చెప్పి ముగింతును. తల్లులారా, ఈ వారమే మీ బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడి. మాటలు తడబడినను ఫరవాలేదు, మొదలుపెట్టుడి. తండ్రులారా, పొలము గట్టున నడచునప్పుడు మీ కుమారునితో మాటలాడుడి. స్త్రీని గౌరవించుట వాడు మీవద్ద చూచి నేర్చుకొనును, మీవద్ద చూచియే మానును. స్త్రీల సమాజములు నెలకొకసారి నర్సమ్మను పిలిచి ఎదుగు బిడ్డలకు చెప్పించవచ్చును. కాపరులారా, 18 నిండని బిడ్డ పెండ్లికి ఎంతటి పెద్దమనిషి వచ్చి అడిగినను కాదనుడి. బిడ్డకు ఆపద కలిగినచో 1098 అను నెంబరుకు ఎవరైనను ఫోను చేయవచ్చునని ప్రతి బిడ్డకు నేర్పుడి.

ఒకవేళ మీ సంఘములో ఒక పిల్ల పెండ్లి కాకుండ గర్భవతియైనయెడల, ఆమె పేరు మాత్రమే సంఘము ఎదుట చదివి, ఆమెను బల్లనుండి తొలగించి, ఆ మగవానిని ముందు బల్లమీద కూర్చుండనిచ్చు న్యాయము ఇక చాలించుడి. పట్టుబడిన స్త్రీని ఒంటరిగా నిలువబెట్టి రాళ్లు పట్టుకొనినవారి ఎదుట మన ప్రభువు ఎవరి ప్రక్క నిలిచెనో మనము ఎరుగుదుము. ఆయన పాపమును చిన్నదిగా చూడలేదు. ఆమెను మాత్రము బ్రదుకనిచ్చి, మంచి త్రోవకు పంపెను. బడి పుస్తకములో ఏ పాఠమున్నను, లేకున్నను, తప్పు చేసిననాడు కూడ మా ఇంటికి, మా గుడికి పోవచ్చునను నమ్మకము మన బిడ్డలకు కలుగునట్లు జీవింతము.